ముక్కలుగా వచ్చిన చెరువు

ఆదివారం పొద్దున దోసెల పిండిలో ఉప్పు వేశానా లేదా అని వేలితో రుచి చూస్తుంటే ఫోన్ మోగింది. అక్క నంబరు. ఎత్తీ ఎత్తగానే, "ఏందక్కా, ఆదివారం కూడా వదలవా?" అన్నాను. అటువైపు ఉన్నది వాళ్ళన్న. "చెల్లె పోయిందమ్మా, తెల్లారంగ" అన్నాడు. ఆ సమయంలో నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అక్క వినుంటే మాత్రం పొట్ట పట్టుకుని నవ్వేది.

అక్కంటే నా తోడబుట్టింది కాదు. మేడ్చల్లో మేమిద్దరం పనిచేసిన ఆఫీసులో నాకు సీనియర్. శామీర్‌పేట అవతల పల్లె, చేపలు పట్టే కుటుంబం. నేను గోదావరి జిల్లా నుంచి పెళ్ళి చేసుకుని కొంపల్లి ఫ్లాటులోకి వచ్చిపడ్డదాన్ని. చేరిన రోజు నేను "మీరు" అంటే ఆమె వెనక్కి తిరిగి చూసింది. మీరంటే ఎనుక ఇంకెవలన్న నిలవడ్డరేమో అనుకున్నదట. ఆ పూటే "నువ్వు"లోకి దిగాం. నా "అండీ"ల మీద మాత్రం చివరిదాకా వేళాకోళం మానలేదు. నా మర్యాదకు కంప్యూటర్ కూడా పరేషాన్ అవుతోందని అనేది. తను మధ్యాహ్నం డబ్బా మూత తీసిందంటే ఆ ఎండుచేపల వాసనకు మేనేజరు గది తలుపు దానంతటదే మూసుకునేది. ఎవరు పరేషాన్ అయ్యేవారో మీరే చెప్పండి.

మా పని చెప్పడానికి చిన్నదే. చెరువుల వివరాలు డేటాబేస్‌లో పట్టికలుగా ఉంటాయి. చెరువుకో వరుస: పేరు, ఊరు, చివరి గడిలో దాని ఆకారం. ఆకారమంటే బొమ్మ కాదు. కట్ట చుట్టూ నడిచినవాడు అడుగడుక్కీ ఒక చుక్క పెట్టాడనుకోండి, చుక్కకు అడ్డం ఒకటి, నిలువు ఒకటి, రెండంకెల చొప్పున ఒక పొడుగాటి వరుస. ఆ పట్టికల్ని రిపోర్టులు తీసే సాఫ్ట్‌వేర్‌లోకి దించి, పటం మీద చెరువులు కనబడేలా చెయ్యాలి. ఆ సాఫ్ట్‌వేర్ మహాతల్లి మిగతా గడులన్నీ మింగి, ఆకారం దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకునేది. దాన్ని మామూలు అక్షరాల్లోకి మార్చి పెడితేగాని ముట్టేది కాదు. అచ్చం కొత్త కోడలే, అన్నిటికీ తల ఊపుతది, ఒక్క పని జెయ్యది, అనేది అక్క.

మొదటి వారంలోనే నేను ఆ రెండంకెల్నీ తారుమారు చేశాను. అడ్డం నిలువయింది, నిలువు అడ్డమయింది. మేడ్చల్ చెరువులన్నీ లేచిపోయి ఉత్తర ధ్రువం దగ్గర ఏదో మంచు దీవి మీద వాలాయి. నాకు ముచ్చెమటలు పట్టాయి. అక్క కుర్చీ లాక్కుని తీరిగ్గా చూసి, "ఉండనీ తియ్, సల్లగుంటయి. ఎండకాలం గూడ ఎండవు" అంది. నవ్వడం అయ్యాక సరిచెయ్యడం నేర్పింది. తన అలవాటొకటి నాకూ అంటించింది: ఏ పట్టిక దించినా ముందు వాళ్ళూరి చెరువును వెతకడం. మొదలు జాగ దొరకాలె, లెక్కలు తర్వాత, అనేది. దొరికితే ఇది తూము, ఇది అలుగు అంటూ వేలితో గీస్తూ వెళ్ళేది. నా స్క్రీన్ మీద ఆ వేలిముద్రలు రోజూ తుడుచుకోవడం నా వంతు. గొణుక్కుంటూనే తుడిచేదాన్ని.

పోయినేడు వానలకు ముందు మాకొక రిపోర్టు పని వచ్చింది. ఏయే చెరువులకు చేపపిల్లలు ఇవ్వాలో సర్కారువాళ్ళు దాన్ని చూసే తేలుస్తారు. పటంలో ఉన్న చెరువుకే చేపపిల్లలు, లేని చెరువుకు లేవు. శనివారం ఇచ్చెయ్యాలి. గురువారం సాయంత్రం అయిపోయిందని నేను గొప్పగా ప్రకటించాను. అక్క వచ్చి వెతికింది. పట్టికలో వాళ్ళ చెరువు పేరుంది, పటం మీద ఆ చోటు ఖాళీ. అలాగే పంపితే ఆ ఏడాది వాళ్ళన్న వలతో సహా ఊళ్ళో వలలన్నీ గోడకెక్కేవి, మనుషులు కూలికి దిగేవాళ్ళు. సాఫ్ట్‌వేర్ ఒక్క తప్పన్నా చూపించిందా అంటే, లేదు.

"తప్పని జెప్పేటోడు దోస్తు" అంది అక్క. "సప్పుడు జెయ్యనోడే దుష్మన్."

శుక్రవారం మధ్యాహ్నానికి గుట్టు దొరికింది. ఒక గడిలో ఇన్ని అక్షరాలే పడతాయి, మించితే చివర్న కోసేస్తుంది. పళ్ళెంలా గుండ్రంగా ఉన్న చిన్న చెరువులన్నీ బుద్ధిగా వచ్చేశాయి. వాళ్ళ చెరువుకు వంపులెక్కువ, చుక్కలెక్కువ. సగంలో తెగిన ఆకారం ఆకారమే కాదని ఆ మహాతల్లి గమ్మున పక్కన పెట్టేసింది. నేను నా తెలివి చూపించాను. చుక్కలు బాగా తగ్గించేశాను. చెరువు టక్కున వచ్చింది. నేను దర్జాగా వెనక్కి వాలాను. అక్క వేలితో గీసుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. వాగు వచ్చి కలిసే దగ్గర సన్నటి మూల ఒకటుండాలి. నా పుణ్యమా అని అది చదునైపోయింది.

"మా అమ్మ వల గీడనే ఏస్తది" అంది.

ఈసారికి ఇలా ఇచ్చేద్దాం, చేపపిల్లలైతే వస్తాయి కదా, అని నసిగాను.

"పెద్ద చాప కూర గంజుల వట్టకుంటే సగం పారేస్తమా చెల్లె? ముక్కలు జేసి ఏస్తం" అంది. అని తనే ఆగిపోయింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

ఆకారాన్ని చిన్న చిన్న ముక్కలు చేశాం. ముక్కకో వరుస, వరుసకో సంఖ్య. అలా లోపలికి దించి, అక్కడ మళ్ళీ అతికించాం. చెప్పింది ఆమె, టైపు చేసింది నేను. మొదటిసారి పదో ముక్క రెండోదానికంటే ముందొచ్చి కూర్చుంది, చెరువంతా పిల్లి చెరిపిన ముగ్గులా తయారైంది. వరుస సరిచేసుకుని, శనివారం భోజనాల వేళకు మూలతో సహా చెరువును తెప్పించాం. అక్క చేసిన ఒకే ఒక్క ఆర్భాటం, ఆ పూట నా డబ్బాలో రెండు ఎండుచేప ముక్కలు పడెయ్యడం. నేను తిన్నాను కూడా. వానలు పడ్డాక చేపపిల్లలొచ్చాయి. చలికాలంలో అక్కకు జబ్బు చేసింది. జల్దీ వస్తానంటూనే సెలవు మీద సెలవు పెట్టింది. ఫోన్లో మాత్రం రోజూ పని గురించి ఆరా తీసేది.

ఈ రోజు నాకింత పని వచ్చంటే అది అక్క పెట్టిన భిక్షే. ఆ మాట ఆమె మొహం మీద ఏనాడూ అనలేదు, అదే బాధ.

పదకొండో రోజు వాళ్ళూరు వెళ్ళాను. అన్నాళ్ళూ చుక్కచుక్కగా మోసిన చెరువును కళ్ళారా చూడటం అదే మొదలు. భోజనాలయ్యాక వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని వాగు మూలకు తీసుకెళ్ళింది. వాళ్ళన్న మోకాలి లోతు నీళ్ళలో వల లాగుతున్నాడు.

"మా చెరువును కంప్యూటర్ల అతికిచ్చింది నువ్వేనట గద బిడ్డా" అంది ఆమె.

కాదమ్మా, అదంతా అక్కే చేసింది, నేను ఊరికే టైపు కొట్టాను, అన్నాను.

"మరి అది ఊరంత నీ పేరే జెప్పింది."

నాకు ఏడుపు ఆగలేదు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి తన కొంగుతో నా కళ్ళు తుడిచింది. వలలోంచి పెద్ద బొచ్చె చేపనొకదాన్ని ఎంచి, నీళ్ళు పోసిన కవర్లో పెట్టి, నా స్కూటీ డిక్కీలో తనే సర్దింది. వద్దంటే వినలేదు.

కొంపల్లి సిగ్నల్ దగ్గర బండి ఆపితే సీటు కింద నుంచి టపటపమని చప్పుడు. పక్క బైకతను తిరిగి చూశాడు. కళ్ళు తుడుచుకుంటూనే చేప అన్నాను, బతికే ఉంది అన్నాను. పచ్చ లైటు పడింది. అది కొట్టుకుంటూనే ఉంది.