చెయ్యని పరీక్షకు రాసిన పేరు

కొత్తగూడ దిక్కు తండాలల్ల నర్సుగ తిరగవట్టి పన్నెండేండ్లయితుంది. ఆ అడవిబాటలల్ల నాకు తోడు మా ఆశా వర్కరక్క. నాకంటె పదేండ్లు పెద్దది, ఆ తండా కోడలే. ఆమెకో అలవాటుండె. ఏ సూదొచ్చినా ముందు తన ఇంట్ల ఏయించి, "మాకేమన్న అయిందా?" అని అందరి ముంగట నిలవడేది. ఆమెను చూసే మిగతావాళ్లు చెయ్యి సాపేది.

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండ ఆడపిల్లలకు సూది వచ్చినప్పుడు గూడ గంతే. అది ఆడమగ కలిస్తె అంటుకునే వైరస్‌తోని వచ్చే రోగమని చెప్పంగనే ఆడోళ్లంత మూతికి కొంగులు అడ్డం పెట్టుకున్నరు.

"పద్నాలుగేండ్ల పిల్లకు గిదెందుకు సిస్టర్?" అన్నరు.

"అంటకముందు ఏస్తెనే సూది మంచిగ పనిచేస్తది. మనకు అంటిందో లేదో ఎవరికెరుక? అందుకే మనకు పరీక్ష," అన్న.

అక్క తన చిన్నబిడ్డ చెయ్యి పట్టుకొని అందరికంటె ముందు సూది ఏయించింది. పెద్దగైనంక నువ్వు గూడ పరీక్ష చేయించుకోవాలె బిడ్డా అని ఆడనే చెప్పింది.

తల్లుల పరీక్ష నాడు మాత్రం కథ వేరె. మిర్చి ఏరవోయేటోళ్లను ఒక పూట కూలి ఇడిసిపెట్టించి తోలుకొచ్చింది. "నువ్వు చేయించుకున్నవా?" అని వాళ్లడిగితె "నాదే మొదలు" అన్నది. అందరు పోయినంక నేను పిలిస్తె కదలలె.

"అయినట్టు రాసుకో సిస్టర్. ఏమన్న బయటపడితె నేను నా మొగుణ్ని అనుమానించాలె, లేకుంటె ఆయన నన్ను. పిల్లకు ఏసినం గదా, సాలు."

నాకు బస్సు తొందర. రాసిన. నన్ను చెప్పుతోని కొట్టాలె.

మూడు నెలలు నాకు అన్నం సయించలె. ఒకనాడు సబ్‌సెంటర్ తలుపేసి, "ఇయ్యాల నిన్ను పోనియ్య," అన్న. "ఆ వైరస్ ఉన్నా, ఎన్నేండ్ల కింద, ఎవరి నుంచి అంటిందో ఏ డాక్టరు చెప్పలేడు. నీ మొగుణ్ని ఎవరు అడుగుతలేరు. నాకు నువ్వు గావాలె అక్కా."

అక్క బల్ల ఎక్కింది. గర్భసంచి ముఖద్వారానికి మందు పూసి చూస్తె తెల్లమచ్చ కనవడ్డది. అది మంచి గుర్తు గాదు. మహబూబాబాద్ పెద్ద దవాఖానకు పోతుంటె ఆటోల తొవ్వ పొడుగున ఆమె నా చెయ్యి ఇడువలె. డాక్టరమ్మ పరీక్షలన్ని చూసి, "ఇంక క్యాన్సర్ కాలేదు, ఇడిసిపెడితె అయ్యేది," అని ఆ మచ్చను కాల్చి తీసేసింది. బయటికొచ్చినంక ఇద్దరం ఏడ్సినం.

పోయినసారి రానోళ్లకు మళ్ల పరీక్ష పెట్టిన నాడు అక్క అందరి ముంగట నిలవడ్డది.

"నాదే మొదలని అప్పుడు అబద్ధమాడిన. పట్నంల చేయించుకున్ననని సిస్టర్‌ను గూడ మోసం చేసి రాయించిన. తప్పు నాదొక్కదానిదే. నాకు మచ్చ దొరికింది, తీసేసిన్రు. మీరు నా లెక్క చెయ్యకున్రి."

ఎనుక కూసున్న ఆమె ఆడబిడ్డ లేచి లోపలికొచ్చింది. ఆమె ఎంబడి ఇంకో నలుగురు.

అక్క నన్ను మోసం చెయ్యలె. పరీక్ష కాలేదని తెలిసే రాసిన. ఆ మాట ఆడ చెప్పనీకె నాకు నోరు రాలె. ఇక్కడ చెప్తున్న.