రెండు పంకాల విమానం

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనక మురుగు మోరీలో పడిన విమానాన్ని అన్న రోజూ కర్రతో పైకి తీసేవాడు. థర్మాకోల్ ఒళ్లు, ప్లాస్టిక్ సీసా కోసి చేసిన పంకా. సైకిల్ ట్యూబు పీలిక మెలేసి వదిలితే గిర్రున తిరిగేది. ఎంత సూటిగా వదిలినా ఎడమకు ఒరిగి మోరీలోకే పోయేది.

ఒకసారి పాత సామాన్ల కొట్టులో ఇంగ్లిష్ పుస్తకం దొరికింది. అందులో వైవర్న్ అని, బ్రిటిష్ నేవీ వాళ్ల యుద్ధ విమానం బొమ్మ. ఇంజిన్ ఒక్కటే... ముక్కు మీద మాత్రం ఒకదాని వెనక ఒకటి రెండు పంకాలు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. అన్న ఆ బొమ్మను బువ్వ తినేటప్పుడు కూడా పక్కనే పెట్టుకునేవాడు.

"ఒక్కటే పంకా అయితే పక్కకు గుంజుతది తమ్మీ. అందుకే మనది మోరీల పడుతున్నది. ఇంకోటి ఉల్టా తిరగాలె," అన్నాడు.

పెన్ను గొట్టంలో తీగ దూర్చి రెండో పంకా బిగించాం. రెండూ చెరో దిక్కు తిరిగాయి... విమానం జానెడు కూడా పోకుండా కింద పడింది. అన్న కళ్లలో నీళ్లు.

మా బాపు బొగ్గుబాయిలో గాలి పంకాల ఫిట్టర్. డ్యూటీ నుంచి వచ్చి, మొఖమైనా కడగకుండా దాన్ని చేతిలోకి తీసుకుని పడీపడీ నవ్వాడు.

"అరేయ్, రెండిటినీ ఒక్క అచ్చులనే కోస్తిరి గదరా! ఒకటి ముందటికి గుంజుతాంటే ఇంకోటి ఎనకకు నూకుతాంది. దీని రెక్క మెలిక మార్చాలె."

మార్చాం. ఆ సాయంత్రం అది... సూటిగా... క్వార్టర్ల మీది నుంచి దాటిపోయింది. "వాయమ్మో, ఏడిదాక పోతదిరా!" అంటూ అమ్మ వాకిట్లోకి ఉరికొచ్చింది.

అన్నకు విమానాల మెకానిక్ కావాలని ఉండేది. కానీ బాపు ఊపిరితిత్తులు పాడయ్యాయి. దవాఖానలో అన్‌ఫిట్ అని రాశారు. తండ్రి అన్‌ఫిట్ అయితే ఆయన బదులు కొడుకుల్లో ఒక్కరికే బాయిలో నౌకరి. అన్న కాలేజీ బంద్ పెట్టాడు. నేను పోతానంటే నెత్తి మీద మొట్టాడు.

"ఇద్దరం ఒక్క దిక్కే తిరిగితే ఇల్లు మోరీల పడుతదిరా. బాయిల నేను దిగుత. నువ్వు ఉల్టా తిరుగు... చదువుకో."

కొన్నాళ్లకు ఒక పొద్దుటి షిఫ్టులో బాయి పైకప్పు కూలింది. అన్న మీద.

అన్న నౌకరి నాకిచ్చారు. పుస్తకాలు మూటగట్టి నేనూ దిగాను. అన్న తిరిగిన దిక్కే తిరుగుతున్నాను. చౌరస్తాలో ఫ్లెక్సీల మీద మమ్మల్ని 'నల్ల సూర్యుళ్లు' అని రాస్తారు... చదివితే ఒళ్లు మండుతుంది. మా అన్నకు సూర్యుడు కావాలని ఎప్పుడూ లేదు.

మొన్న ఫోన్లో వెతికి చదివాను. జెట్లు వచ్చాక ఆ వైవర్న్‌ను పక్కన పెట్టేశారట. మా బాయిలు కూడా ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఇప్పుడు మా క్వార్టర్ల మీద ఎగిరేది, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము ఒక్కటే...

మీ కోసం బాయి దిగినవాళ్లు మీ ఇంట్లో ఉంటే, చిన్నప్పుడు ఏం కావాలనుకున్నారో ఈ పూటే అడగండి. అడిగి ఇక్కడ రాయండి.

మా అన్నది నేను రాసేశాను.