రిమోట్ చేతిలో ఉంటే వన్స్ మోర్

నారాయణగూడలో సీడీల షాపులో పనికి కుదిరిన కొత్తలో నాకు రెండే తెలుసు. డిస్కు మీద గీతలు పడితే టూత్‌పేస్టు రాసి మెత్తటి గుడ్డతో తుడవాలి. కస్టమరు అడిగిన సినిమా లేకపోతే ఇంకోటి అంటగట్టాలి. టెన్త్ తర్వాత నేను చదివిన చదువు అదే.

డీవీడీలు ఇంకా అద్దెకు పోతున్న రోజులవి. నెలకు రెండు శనివారాలు సాయంత్రం షాపువాళ్ళు అద్దెకిచ్చే ప్రొజెక్టరు పట్టుకుని చిక్కడపల్లిలో ఒక మేడ మీది హాలుకు వెళ్ళేదాన్ని. అక్కడ ఒక కళాసంఘం వాళ్ళు పైదేశాల్లో స్టేజీ మీద ఆడగా వీడియో తీసిన బ్యాలే నాట్యాలు, మాటలకు బదులు పాటలతోనే నడిచే ఆపెరా నాటకాలు తెర మీద వేసేవారు. డిస్కు పెట్టడం, రిమోటు పట్టుకోవడం నా పని.

మొదటి బ్యాలేకే నాకు పిచ్చెక్కింది. కిరీటాల్లేవు, నగల్లేవు. ఖాళీ స్టేజీ మీద బనీన్ల లాంటి బట్టల్లో ఒకమ్మాయి, ఒకబ్బాయి. ఆమె పరుగెత్తుకొచ్చి, చూసుకోకుండా వెనక్కి పడిపోతుంది. అతను పట్టుకుంటాడు. పట్టుకుంటాడని తెలిసినా ప్రతిసారీ ఊపిరి బిగబట్టేదాన్ని. కెమెరా దగ్గరికి వెళితే మెడ మీద చెమట, నేలకు పాదం రాసుకున్న చప్పుడు! ముందు వరసలో కూర్చున్నా అంత దగ్గరగా కనిపించదు.

చూసేవాళ్ళు మాత్రం తొమ్మిది మంది. ఒకరోజు సంఘం సెక్రటరీగారు నన్ను పిలిచారు. కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన పెద్దాయన.

"ఏమ్మా, వచ్చేసారి కూడా ఇంతేమంది వస్తే ఇక ఆపేద్దాం. హాలు ట్యూషన్ వాళ్ళు అడుగుతున్నారు."

ఆ శనివారాలు పోతే నాకు మిగిలేది టూత్‌పేస్టే.

అశోక్‌నగర్‌లో మా గల్లీ అంతా తిరిగి పిలిచాను.

"పాటలుంటయా?" అంది పక్కింటి అక్క.

"అన్నీ పాటలే అక్కా."

"ఫైటింగు?"

"ఆఖర్ల ఒకామె చస్తది."

"గదేం సినిమానే!" అని తలుపేసుకుంది.

చివరికి దొరికింది మా తాత ఒక్కడే, అమ్మవాళ్ళ నాన్న. వయసులో పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి.

"తాతా, సప్పుడు చెయ్యకుండ కూసోవాలె. దగ్గు గూడ జర మెల్లగ."

"నాటకం జూసుడు నాకు నేర్పుతున్నవా బిడ్డా?"

ఆ శనివారం ఆపెరా. రాజులూ రాణులూ లేరు. బస్టాండు లాంటి చోట పాతకోటు వేసుకున్న ఒకావిడ ఎవరికోసమో ఎదురుచూస్తోంది. రాగం అందుకుంది. తాత వేళ్ళు మోకాలి మీద హార్మోనియం మెట్లు వెతుక్కుంటున్నాయి. ఆవిడ గొంతు పైకి పైకి వెళ్ళి, అక్కడే నిలబడి, సన్నగా దిగింది.

"వన్స్ మోర్!"

తాత కేకకు హాలు దద్దరిల్లింది. పద్యనాటకంలో అది మామూలే. పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ కొడతారు. చచ్చి పడిపోయిన పాత్రధారి కూడా లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు.

సెక్రటరీగారు వెనక్కి తిరిగారు. "పెద్దాయనా, అది తెరండీ! ఆవిడకు వినపడదు!"

"ఆమెకు ఇనపడకుంటేంది సార్? మా పొల్లకు ఇనపడ్డది గద!"

అందరి చూపులూ నా మీదే. రివైండు నొక్కితే ఉన్న తొమ్మిది మందీ లేచి వెళ్ళిపోతారేమో. నొక్కకపోతే తాత మొహం చూడలేను. నా బొటనవేలు నన్ను అడగలేదు. కోటావిడ గబగబా వెనక్కి నడిచి, మళ్ళీ రాగం అందుకుంది.

ఈసారి ఎవరూ కదల్లేదు. పాట ఆగగానే ముందు వరసలోంచి ఇంకో గొంతు.

"వన్స్ మోర్!"

సెక్రటరీగారు! అనేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నసిగారు. "చిన్నప్పుడు మా ఊళ్ళో మూడుసార్లకు తక్కువ వదిలేవాళ్ళం కాదులెండి."

ఇక పట్టపగ్గాల్లేవు. చివర్లో ఆవిడ చచ్చిపోతే తాత వదల్లేదు. నేను లేపాను. మళ్ళీ చచ్చింది. ఒకాయన కన్నీళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ లేపమన్నాడు. నవ్వులతో గోడలు అదిరాయి.

ఆ కబురు నాకంటే ముందే గల్లీ చేరింది. పక్కింటి అక్క గుమ్మంలోనే పట్టుకుంది.

"మనం చెప్తె మళ్ల పాడుతరంట గదనే! నాకు చెప్పవేంది?"

తర్వాతి శనివారం కుర్చీలు చాలక కింద టిఫిన్ సెంటర్ నుంచి బెంచీలు మోయించాం. ట్యూషన్ ఊసే లేదు. సెక్రటరీగారు తలుపుకు ఒక కాగితం అంటించారు. తాత నాతో చదివించుకున్నాడు.

"పాటకు రెండు వన్స్ మోర్‌లు మాత్రమే."

"రెండేనా?" అని తాత నా మొహంలోకి చూశాడు.

నేను అప్పటికే రిమోటులో కొత్త సెల్లులు వేసుకుని వచ్చాను.