కొండపల్లి అడవిలో విందు సీను

మా నాన్నకు బెజవాడ వన్ టౌన్‌లో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. కిరీటాలు, గదలు, భుజకీర్తులు అన్నీ ఇంట్లోనే తయారయ్యేవి. శివరాత్రి నాటకాలు దగ్గరపడితే, రంజాన్ ఉపవాసంలో కూడా అమ్మ కిరీటాలకు తళుకులు అంటిస్తూ కూర్చునేది. డిగ్రీ అయ్యాక నేనూ కుట్టుమిషన్ ముందుకు చేరాను. తొంభైల మధ్యకొచ్చేసరికి నాటకాలాడేవాళ్ళు బాగా తగ్గిపోయారు. అందుకే ఒక సినిమా కంపెనీ మేనేజరు మా కొట్టు మెట్లెక్కిన రోజు నాన్న ముఖం వెలిగిపోయింది.

అదొక అడవి సాహసాల సినిమా. హీరో గుప్తనిధి కోసం అడవికి వెళ్తాడు. మనుషుల్ని తినే ఆటవికులు అతణ్ణి పట్టి చెట్టుకు కట్టేస్తారు. అతను వాళ్ళందరినీ చావబాది నిధితో బయటపడతాడు. ఇంతే కథ. ఆ ఆటవికుల దుస్తులు మేం కుట్టాలి. గోనెసంచులు కత్తిరించి, కోడి ఈకలకు రంగులద్ది, ఈతాకులు అల్లి కుట్టాం.

"పెద్ద తెరమీద మన కుట్టు కనపడుద్దమ్మా," అని నాన్న మురిసిపోయాడు.

షూటింగు కొండపల్లి అడవిలో. నిప్పులు చెరిగే ఎండాకాలం. దుస్తులతోపాటు నాన్నా నేనూ వెళ్ళాం. ఆటవికులుగా వేసేవాళ్ళను చల్లపల్లి వైపు నుంచి లారీలో తీసుకొచ్చారు. కాలవల్లో చేపలు పట్టుకుని, పొలం పనులకు వెళ్ళి బతికే యానాది కుటుంబాలు వాళ్ళు. సినిమా అన్నారని అందరూ తలంటుకుని వచ్చారు. ఆడవాళ్ళ జడల్లో కనకాంబరాలు. వాళ్ళ పెద్దాయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని, భార్య పక్కన బుద్ధిగా నిలబడ్డాడు.

డైరెక్టరు వాళ్ళను చూసి మేనేజరు మీద విరుచుకుపడ్డాడు. "ఏంటయ్యా ఇది? పెళ్ళికొచ్చినట్టున్నారు. నాకు అడవి మనుషులు కావాలని చెప్పానా లేదా?"

"యానాదులేనండీ. నేనే వెళ్ళి తీసుకొచ్చానండీ."

"అయితే అవ్వొచ్చు. చూట్టానికి అట్టా లేరుగా! పూసెయ్యండి."

బొగ్గుమసిని ఆముదంలో కలిపి ముసలీ ముతకా తేడా లేకుండా అందరికీ పట్టించారు. పెద్దాయన చొక్కా మడిచి నాకిచ్చి, నలగకుండా చూడమన్నాడు. ఆడవాళ్ళను జాకెట్లు తీసెయ్యమన్నారు. వాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నక్కారు. నాన్న వెళ్ళి, "ఏవండీ, మన ఇళ్ళల్లో ఆడవాళ్ళలాంటోళ్ళేగదండీ," అన్నాడు. డైరెక్టరు విననట్టే అటు తిరిగాడు. మిగిలిన గోనెగుడ్డ తెచ్చి, చెట్టు కింద కూర్చుని, వాళ్ళ ఒంటిమీదే సరిపడా రవికల్లా అప్పటికప్పుడు కుట్టాను. సూది దిగినప్పుడల్లా ఆముదం కంపు నా వేళ్ళకు అంటుకుంది.

భోజనాల తర్వాత విందు సీను. హీరోను కట్టేసి, ఆటవికులు పచ్చిమాంసం పీక్కు తింటూ గంతులెయ్యాలి. పొద్దున బెజవాడ నుంచి ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చిన మేక పేగులు, ఊపిరితిత్తులు అప్పటిదాకా ఎండలోనే పడి ఉన్నాయి. సంచి విప్పగానే లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ముక్కులు మూసుకున్నారు. నీలం ఈగలు ముసిరాయి. ఒకతను పైనుంచి ఎర్రరంగు చిమ్మాడు. ఇటుపక్క గుడ్డ తెర చాటున హీరోకు ఇంకా బిర్యానీ వడ్డిస్తున్నారు. ఆ మసాలా వాసనా, ఈ కుళ్ళు వాసనా కలిసే వస్తున్నాయి.

ముందు నోటి దగ్గర పెట్టుకుంటే చాలన్నారు. రెండుసార్లు తీసినా డైరెక్టరుకు నచ్చలేదు. "కొరకాలి. నిజంగా కొరికి లాగాలి."

పెద్దాయన భార్య ముందుకొచ్చింది. "బాబూ, మేం కూడు వండుకు తినేవోళ్ళమే. ఇట్టాంటిది మా కుక్కలకి కూడా ఎయ్యం."

"ఇదిగో, ఈవిడ నాకు నేర్పుద్దంట!" అని డైరెక్టరు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. "కొరకనోళ్ళు లారీ ఎక్కకుండా నడిచి పొండి," అన్నాడు.

చల్లపల్లి ఎక్కడ, కొండపల్లి ఎక్కడ! పెద్దాయన తనవాళ్ళ వంక ఒకసారి చూశాడు. వాళ్ళను ఆగమని, తనొక్కడే ఆ పేగు తీసి కొరికాడు. నమలబోయి మోకాళ్ళ మీద కూలబడి భళ్ళున కక్కుకున్నాడు. ఎవరూ ఆపలేదు. డైరెక్టరు ఎగిరి గంతేసి, "ఆపొద్దు, ఆపొద్దు! దగ్గరికెళ్ళు, మొహం తియ్యి! ఇదే నాక్కావాల్సింది!" అని అరిచాడు. కెమెరా ఆయన మీదికి వంగింది. మసి మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. ఆయన మళ్ళీ కక్కుకున్నాడు.

నేను నీళ్ళ బిందె ఎత్తుకుని తిన్నగా కెమెరా ముందుకు వెళ్ళి, ఆయన పక్కన కూర్చుని నోరు కడిగాను. వెనక బూతులు. "ఎవత్తే అది, షాటు చెడగొట్టింది!" ఆయన నా చేతిలోంచి నీళ్ళు పట్టుకుని పుక్కిలిస్తూ, "ఫర్లేదమ్మా, ఫర్లేదు," అంటున్నాడు.

నాన్న వచ్చి మా పక్కన నిలబడ్డాడు. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు. "బట్టలు మావండీ. మేం తీసుకుపోతున్నాం. వీళ్ళని లారీ ఎక్కించండి. ఎక్కించేదాకా నేను కదలను."

మేనేజరు బతిమాలాడు. నాన్న ఈకల తలపాగాలు ఒక్కొక్కటే మూట కడుతూ ఉండిపోయాడు. బట్టలు లేకుండా సీను జరగదని తెలిశాక లారీ సిద్ధం చేశారు. మసి నీళ్ళకు పోలేదు. కిరసనాయిలుతో రుద్దితే చర్మం మండింది. పెద్దాయన చొక్కా తొడుక్కోకుండా, మరక అవుతుందని చేత్తో పైకి పట్టుకునే లారీ ఎక్కాడు.

అయినా ఆ సినిమా విడుదలైంది. మిగిలిన ముక్కలు ఇంకెక్కడో తీసి అతికారు. వన్ టౌన్ హాల్లో నాన్నా నేనూ చూశాం. ఆ ముఖం తెరనిండా వచ్చింది. కక్కుకున్నప్పుడల్లా డప్పుల మోత వేశారు. హాలంతా ఈలలు. నా ముందు సీట్లో ఒకతను పకోడీలు నములుతూ, "ఛీ, ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చార్రా ఈళ్ళని!" అని పడీపడీ నవ్వాడు. నాన్న నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత సినిమావాళ్ళెవరొచ్చినా దుస్తులు లేవని చెప్పి పంపేవాడు.

కొన్నేళ్ళకు చల్లపల్లిలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు, బజారులో చేపలమ్ముతున్న ఆ పెద్దాయన భార్యే నన్ను గుర్తుపట్టింది. ఆయన ఎలా ఉన్నాడని అడిగాను.

"పోయాడమ్మా. ఆ సినిమా ఇక్కడా ఆడింది. కుర్రోళ్ళు ఆయన ఎదురైతే చాలు, ఓక్ ఓక్ అని కక్కుకున్నట్టు చేసేవోళ్ళు. బజారుకి రావటమే మానేశాడు." ఆమె కొట్టిన చేపను కడిగి నా సంచిలో వేసింది. "నువ్వు నీళ్ళిచ్చిన సంగతి మాత్రం అందరికీ చెప్పేవోడు."

ఆ సినిమా ఇప్పటికీ మధ్యాహ్నాలు టీవీలో వేస్తున్నారు. పోయినసారి మా అత్తగారింట్లో అందరం అన్నాలు తింటుంటే ఆ సీనే వచ్చింది. పిల్లలు నవ్వారు. జరిగిందంతా చెప్పాను. మా మరిది అంతా విని, "పాపం," అన్నాడు. ముద్ద కలుపుకుంటూ, "కానీ వదినా, సీను మాత్రం భలే సహజంగా వచ్చింది," అన్నాడు.

నేను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.