కింది వాటా టీవీ వైరు

మా వదినగారికి నేనొక అబద్ధం చెప్పాను. ఆవిడ టీవీకి వచ్చే వైరును కేబుల్ వాళ్ళే పీకేశారన్నాను. వాళ్ళు పీకలేదు, నేను పీకించాను. తర్వాత మా వీధి ఆడవాళ్ళు ఆవిడ మాటను తేలిగ్గా తీసేస్తుంటే పైనుంచి విన్నాను. అప్పుడు కూడా నోరు మెదపలేదు. ఇప్పటికైనా జరిగింది జరిగినట్టు రాయాలి.

ఏలూరులో మాది రెండు వాటాల ఇల్లు. అన్నయ్య కట్టించాడు. అన్నయ్య పోయాక కింద వదినగారు ఒక్కరే ఉంటున్నారు. పైన నేను, మా ఆవిడ, ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి. నేను తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్లో గుమస్తాని. పొద్దున్న రైల్లో వెళ్ళి, సాయంత్రం చొక్కాకి ఉల్లి వాసనతో తిరిగొస్తాను.

ఇంటికంతా ఒకటే కేబుల్ పెట్టె ఉండేది. అది మా హాల్లో. దాన్నుంచి ఒక వైరు కిటికీలోంచి దిగి వదినగారి పాత డబ్బా టీవీకి వెళ్ళేది. ఒక కనెక్షన్‌తో రెండు టీవీలు నడపడానికి చాలా ఇళ్ళలో ఇదే ఏర్పాటు. చిక్కల్లా ఏంటంటే, పైన ఏ ఛానెల్ పెడితే కిందా అదే వస్తుంది. ఏడింటికి ఆవిడ సీరియల్. ఆ వేళకి మేం వేరేది చూస్తున్నామంటే, మెట్ల ఇనప కమ్మీ మీద గరిటెతో టంగుటంగుమని కొట్టేవారు.

"మరిదిగారూ! మా అత్తాకోడళ్ళని కిందికి పంపించండి!"

మ్యాచ్ ఆఖరి ఓవర్లలో ఉన్నా ఛానెల్ మార్చాల్సిందే. మార్చేవాణ్ణి. లోపల మాత్రం గొణుక్కునేవాణ్ణి.

వదినగారిది కొల్లేటి లంక ఊరు. ఆవిడ చిన్నప్పుడు వానాకాలం నీళ్ళు ఊరిని చుట్టేస్తే, పడవలో గట్టుకి వెళ్ళి సినిమా చూసొచ్చినవాళ్ళు మిగతావాళ్ళని కూర్చోబెట్టి కథంతా చెప్పేవారట. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పాలి, అది అక్కడి పద్ధతి. ఆ పద్ధతిని ఆవిడ మా వీధికి తెచ్చారు. మా వీధి ఆడవాళ్ళలో సగం మంది కొల్లేటి వైపున్న ఫ్యాక్టరీకి రొయ్యలు వొలవడానికి వెళ్తారు. కంపెనీ బస్సు వాళ్ళని ఎనిమిదింటికి వీధి మొగలో దింపేది. అప్పటికి సీరియల్ అయిపోయేది. ఇంటికైనా వెళ్ళకుండా, క్యారేజీలు పక్కన పెట్టుకుని మా అరుగు మీద కూలబడేవారు.

"చెప్పండక్కగారూ, ఆ ముసల్ది తాళాలిచ్చిందా లేదా?"

"ముందు చేతులు కడుక్కుని రావే. నీ రొయ్యల కంపుకి కోడలు పుట్టింటికి పోయేలా ఉంది."

అప్పుడు మొదలుపెట్టేవారు. అత్త గొంతు ఒకలా, కోడలు గొంతు ఒకలా. పొద్దుట్నుంచీ ఐసు నీళ్ళలో నానిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళు వినేవారు. అన్నయ్య పోయాక వదినగారి రోజులో ఎవరైనా ఆవిడ కోసం ఎదురుచూసే సమయం అదొక్కటే. ఆ సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని మాత్రం చెప్పలేను.

కొట్లో నాతో పనిచేసే ఆయన గోడంత స్మార్ట్ టీవీ కొన్నాడు. ఒక ఆదివారం గూడెంలో వాళ్ళింట్లో మ్యాచ్ చూశాను. బంతి మీద కుట్లు కనిపించాయి. నడిమధ్యలో అలవాటుకొద్దీ గోడ గడియారం వంక చూశాను, ఏడు కావస్తోంది. ఆయన నవ్వాడు. "మీ గరిటె ఇంత దూరం వినబడదు లెండి. హాయిగా చూడండి."

ఇంటికొచ్చాక మా పాత టీవీలో అన్నీ లోపాలే కనిపించాయి.

"అంచుల్లో బొమ్మ పచ్చబడింది, చూశావా?" అన్నాను మా ఆవిడతో.

"మార్చాల్సింది మీ కళ్ళజోడండీ, టీవీ కాదు."

"నాన్నా, నెట్ ఉంటే ఇంక కేబుల్ ఎందుకు? ఏదైనా ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు," అంది మా అమ్మాయి.

"మరి అక్కయ్యకి?" అని అడిగింది మా ఆవిడ.

"పైకొచ్చి చూస్తారు," అన్నాను.

నెల రోజులు షోరూముల చుట్టూ తిరిగాను. ఎన్ని అంగుళాలు, ఏ స్క్రీన్, సౌండ్ బార్ అవసరమా కాదా, నెట్ ఎంత వేగం ఉండాలి, అన్నీ అడిగాను. అమ్మేవాళ్ళు విసుక్కునేదాకా అడిగాను. ఇంట్లో మా ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్న మీద మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

కొత్త టీవీ వచ్చిన రోజే నెట్ లైను కూడా ఇచ్చారు. కేబుల్ అబ్బాయిని పిలిచి కనెక్షన్ తీసేయమన్నాను. అతను కిటికీలోంచి కిందికి దిగిన వైరు చూశాడు.

"మరి కింద అమ్మగారికో అండీ? ఈ పెట్టె కిందకి మార్చేస్తాను. ఎంత, పది నిమిషాల పని."

కొత్త టీవీ వస్తే గరిటె మోత ఎలాగూ ఆగిపోతుంది. పెట్టె కిందకి మారిస్తే నాకు పోయేదేమీ లేదు. అయినా "అక్కర్లేదులే" అన్నాను. ఎందుకన్నానో అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఇన్నేళ్ళూ ఆవిడ పిలిచినప్పుడల్లా రిమోట్ పట్టుకుని లేచినందుకు కసి కాబోలు. అంతకంటే మంచి కారణం నాకు దొరకలేదు. సాయంత్రం కమ్మీ మోగింది. మెట్ల మీద నిలబడి, "కేబుల్ వాళ్ళు పాత లైన్లన్నీ పీకేస్తున్నారు వదినా, మనమేం చేయలేం. పైకి రండి," అన్నాను.

ఒక్కసారే వచ్చారు. సోఫాలో కూర్చోమంటే అంచున కూర్చున్నారు. మా అమ్మాయి సీరియల్ పెట్టి, ముందు జరిగిన కథ వచ్చేచోట దాటించేసింది.

"అది తీసేశావేంటమ్మా?"

"పాతదే కదా పెద్దమ్మా, బోర్."

మధ్యలో నేను స్కోరు చూడాలన్నాను. వదినగారు వెంటనే లేచారు. "చూసుకోండి మరిదిగారూ. పొయ్యి మీద పాలున్నాయి నాకు," అని దిగిపోయారు. మళ్ళీ రాలేదు. రమ్మని నేనూ పిలవలేదు.

చిత్రంగా, ఎనిమిదింటికి అరుగు మీద కథ మాత్రం ఆగలేదు. ఎవరి ఫోన్లోనో చూస్తున్నారు కాబోలు అనుకుని ఊరట పడ్డాను. ఒకరోజు మా అమ్మాయి బాల్కనీలోంచి విని లోపలికొచ్చింది.

"నాన్నా, పెద్దమ్మ చెప్పేదేదీ సీరియల్లో లేదు. సొంతంగా అల్లేస్తోంది."

వెళ్ళి విన్నాను. కోడలు అత్తింటి నుంచి పారిపోయి కొల్లేటి గట్టుకి చేరింది. వరద. పడవవాడు లేడు. పంతం కొద్దీ వెతుక్కుంటూ వచ్చిన అత్త నీళ్ళలో కొట్టుకుపోయింది. అరుగు మీద ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. టీవీ లేదని చెబితే వాళ్ళు రావడం మానేస్తారని వదినగారు భయపడ్డారు. ఆ భయం పెట్టింది నేను. మర్నాడే కేబుల్ అబ్బాయిని పిలవాల్సింది. పిలిస్తే నా అబద్ధం బయటపడుతుందని ఊరుకున్నాను.

తర్వాతి వారమే ఒక పిల్ల బస్సు దిగుతూనే అరిచింది. "అక్కగారూ, ఆ అత్త బతికే ఉందండీ! ఇప్పుడే బస్సులో ఫోన్లో చూశాను, శుభ్రంగా పెసరట్టు తింటోంది. మీరెప్పుడో చంపేశారు కదండీ!"

అరుగంతా గొల్లుమంది. వదినగారు కూడా నవ్వారు. "మంచిదే, అలాంటి మనిషి ఉంటేనేం పోతేనేం," అన్నారు. పైనుంచి నాకు ఆవిడ మొహం కనిపించలేదు, గొంతు మాత్రం వినిపించింది.

మర్నాడు అరుగు మీద దీపం వెలగలేదు. కళ్ళు నీళ్ళు కారుతున్నాయని, డాక్టరు టీవీ చూడొద్దన్నారని వీధిలో చెప్పారట. పైకి రానందుకు నాతోనూ అదే చెప్పారు. నేనొక అబద్ధం ఆడితే, దాని మీద ఆవిడ రెండు ఆడాల్సి వచ్చింది. కేబుల్ గురించి నన్ను ఇంకోసారి అడగనైనా అడగలేదు. మరిది మాట నమ్మేశారు, అంతే.

వీధిలో అది సరదాగా మొదలై అలవాటైపోయింది. ఆవిడ ఏం చెప్పినా "ఇది ఏ సీరియలండీ?" అనేవారు. ద్వారకా తిరుమల వెళ్ళొచ్చి అందరికీ ప్రసాదం పంచుతుంటే, "నిజంగా కొండకే వెళ్ళారా అక్కగారూ?" అని ఒకావిడ కన్ను గీటింది. నేను చెప్పులు విప్పుతూ అక్కడే ఉన్నాను. నవ్వి ఊరుకున్నాను.

మొన్న వేసవిలో వీధి చివర మున్సిపాలిటీ వాళ్ళు పైపు కోసం గొయ్యి తవ్వారు. మర్నాడు కొళాయి రాదని వాళ్ళు వదినగారితో చెప్పి వెళ్ళారు. ఆవిడ బస్సు వేళకి గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెప్పారు. "బిందెలు పట్టుకోండే, రేపు నీళ్ళు రావు."

"రేపటి ఎపిసోడా అక్కగారూ?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. స్టేషన్ నుంచి వస్తూ ఆ గొయ్యి నేను చూశాను. బాల్కనీలోంచి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

మర్నాడు కొళాయి రాలేదు. ఆడవాళ్ళు స్నానం లేకుండానే పనికి వెళ్ళారు. సాయంత్రం బస్సు దిగి నేరుగా మా గుమ్మానికొచ్చారు. ఈసారి ఎవరూ నవ్వడం లేదు.

"కాస్త గట్టిగా చెప్పొచ్చు కదండీ అక్కగారూ!"

"చెప్పాను కదే, ఒక్కొక్కరికీ చెప్పాను."

"మీరు చెబితే ఏది నిజమో ఏది సీరియలో మాకెలా తెలుస్తుందండీ?"

వదినగారు ద్వారబంధం పట్టుకుని నిలబడ్డారు.

వీధిలో ఆ వెటకారాలు వినలేక, అంతకు రెండు రోజుల ముందే కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి కింద పెట్టె పెట్టమని చెప్పి ఉన్నాను. "వాళ్ళే మళ్ళీ లైన్లిస్తున్నారట వదినా" అనే మాట కూడా సిద్ధం చేసుకున్నాను. అలా అంటే టీవీ వస్తుంది, నా గుట్టు నాకుంటుంది. ఆ పూట పైనుంచి ఆడవాళ్ళన్న మాట విన్నాక, టీవీ వచ్చినా ఆవిడకి పోయింది తిరిగి రాదని అర్థమైంది.

మెట్లు దిగాను. నన్ను చూసి ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని పక్కకి తప్పుకున్నారు.

"ఏవండీ మరిదిగారూ, ఏమైనా కావాలా?" అన్నారు వదినగారు.

"మీతో ఒక మాట చెప్పాలి."

"లోపలికి రండి అయితే, నలుగురిలో ఎందుకు."

"వీళ్ళూ వినాలి వదినా." కమ్మీ పట్టుకున్నాను. "మీ టీవీ వైరు కేబుల్ వాళ్ళు తీయలేదు. నేనే తీయించాను. పెట్టె కింద పెడతానని ఆ అబ్బాయి అడిగితే నేనే వద్దన్నాను. వాళ్ళు తీసేశారని మీతో అబద్ధం చెప్పాను. మీరు కథ కల్పించాల్సి వచ్చింది నా వల్ల. వీళ్ళు మీ మాట నమ్మడం మానేసింది నా వల్ల. అంతా పైనుంచి వింటూ కూడా ఊరుకున్నాను. ఈ వీధిలో అబద్ధాలకోరు మీరు కాదు, నేను. నన్ను క్షమించండి వదినా."