జవాబుల వరప్రసాద్ గారు

వరప్రసాద్ గారికి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం కూడా దాదాపు లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. ఇంటికి ఏ కాగితం వచ్చినా దానికి జవాబు రాస్తారు. ఏ కాగితమైనా అంటే నిజంగా ఏ కాగితమైనా. అది కూడా కలంతో, గుండ్రటి దస్తూరీతో, 'మీ లేఖ అందినది' అని మొదలుపెట్టి, కింద కార్బన్ పేపరు పెట్టి ఒక నకలు దాచుకుని మరీ రాస్తారు. సూరత్‌లో తమ పేట పోస్టాఫీసు ఇంకా మూతపడలేదంటే అది ఆయన చలవేనని వాళ్లావిడ లలిత గారి నమ్మకం.

అలాగని ఆయన పనిలేని మనిషి కాదు. అద్దకం మిల్లులు వదిలే రంగు నీళ్లను మళ్లీ నీళ్లలా చెయ్యడం ఎలాగో కనిపెట్టిన రసాయన శాస్త్రవేత్త. రిటైరైనా ఆయన్ని సందేహాలు అడిగే ప్రొఫెసర్లు నాలుగైదు దేశాల్లో ఉన్నారు. వాళ్లకూ జవాబు వెళుతుంది, బనియన్ల కొట్టుకూ వెళుతుంది.

బనియన్ల కొట్టు సంగతి చెప్పాలి. 'ప్రియమైన కస్టమర్' అంటూ గుమ్మంలో ఒక కరపత్రం పడింది. వరప్రసాద్ గారు కూర్చుని శుద్ధమైన గుజరాతీలో రాశారు: 'ప్రియమైన దుకాణదారు గారికి, ధరలు తగ్గించారని తెలిసి సంతోషించాను. ప్రస్తుతం నా బనియన్లు ఆరోగ్యంగానే ఉన్నాయి. చిరిగిన వెంటనే తెలియజేయగలను.' పుట్టి బుద్ధెరిగాక కరపత్రానికి జవాబు చూడని ఆ కొట్టాయన షట్టరు దించేసి, ఈ మనిషి ఎలా ఉంటాడో చూద్దామని ఇంటికొచ్చాడు. మరుసటి ఏడు బనియను చిరిగింది. ఈయన మాట ప్రకారం తెలియజేశారు.

లిఫ్టులో పాన్ ఉమ్ముతున్నది ఎవరని సొసైటీ సెక్రటరీ నోటీసు పెట్టినప్పుడు ఈయన రెండు పేజీల జవాబు రాశారు. మరకలో సున్నం పాలెంత, కాచు పాలెంత, గోడ మీద అది పడిన ఎత్తునుబట్టి ఉమ్మిన మనిషి పొడుగెంత. చివర, 'ఈ కొలత సెక్రటరీ గారికి సరిపోవడం కేవలం యాదృచ్ఛికం కావచ్చు' అని ముగించారు. తర్వాత నోటీసూ లేదు, మరకా లేదు.

లలిత గారి చెల్లెలు సుప్రజ రోజూ ఫోనులో గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ పంపుతుంది. బావగారు దానికి పోస్టుకార్డు రాస్తారు.

"అక్కా, వాన పడ్డ రోజు పంపిన గుడ్ మార్నింగ్‌కి ఇవాళ జవాబొచ్చింది. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నేనేమనుకోవాలే?"

"ఆ రోజు బాగానే గడిచిందనుకో," అన్నారు లలిత గారు.

ఆలస్యానికి కారణం ఆయన పెట్టుకున్న రెండో నియమం. జవాబులు వచ్చిన వరసలోనే వెళ్లాలి. ఏ కాగితం రాగానే దాని మీద ఎర్ర పెన్సిలుతో నంబరు వేసి చెక్క ట్రేలో అడుగున పెడతారు; పైనున్నదానికే ముందు జవాబు. వంతు రాకుండా ముఖ్యమంత్రి రాసినా కలం కదలదు. ఈ ఉత్తరాలూ, నకళ్లూ కలిసి రెండో పడగ్గదిని ఎప్పుడో మింగేశాయి. పోనీ గది పోయిందనుకుంటే, ఆ ఇంట్లో తాపీ నది కనబడే ఒకే ఒక్క కిటికీ ఆ గదిలోనే ఉంది. దానికి అడ్డంగా పైకప్పు దాకా ఫైళ్లు. నది పక్క ఫ్లాటని ముచ్చటపడి కొనిపించిన లలిత గారు, నదిని చూడాలంటే ఆటో ఎక్కి వంతెన మీదికి వెళ్లాల్సి వస్తోంది.

అలాంటి సమయంలో ఢిల్లీ నుంచి ఒక పెద్ద సంస్థ వారి రిజిస్టర్డ్ కవరు వచ్చింది. ఆయన ఉత్తరాలు, కాగితాలు అన్నీ తీసుకెళ్లి దేశపు శాస్త్రవేత్తల భాండాగారంలో భద్రపరుస్తారట. నెలాఖరులోగా అంగీకారం తెలపాలట. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారట. లలిత గారికి గౌరవం తర్వాత గుర్తొచ్చింది. ముందు కిటికీ గుర్తొచ్చింది.

వారం గడిచింది.

"ఏమండీ, ఢిల్లీ వాళ్లకు రాశారా?"

"దాని వంతు రాలేదు లలితా."

"ఇప్పుడెవరి వంతు?"

"డిండోలి శివకృష్ణది. బల్లికి తోక తెగితే నొప్పి పుడుతుందా అని అడిగాడు."

"పుడుతుందా?"

"అదే రెండు రోజులుగా చదువుతున్నాను."

ఈ శివకృష్ణ ఒక్కడే అయితే బాగుండేది. సూరత్‌లోనే డిండోలి పేటలో సాంచాల మీద, అంటే హోరెత్తే మరమగ్గాల మీద, బట్ట నేసే తెలంగాణ కుటుంబాల పిల్లలకు నవత అనే అమ్మాయి ఆదివారం తెలుగు చెబుతుంది. ఉత్తరం రాయడం నేర్పిస్తూ, శాస్త్రవేత్తకు ఒక ప్రశ్న రాయమంది. తనే ఆ కట్ట పట్టుకుని వచ్చింది.

"సార్, పోరగాండ్లు రాసిండ్రు. తప్పులుంటయి. మీకు జర తీరికైనప్పుడు అందరికి కలిపి ఒక్క జవాబు రాస్తే సాలు."

"కలిపి రాయడం ఏమిటమ్మా? వాళ్లు కలిపి అడగలేదుగా," అన్నారు వరప్రసాద్ గారు.

ఒక్కొక్కరికీ విడివిడిగా మొదలుపెట్టారు. కోమలి అనే పిల్ల, 'సాంచాల కాడ పనిజేసి వచ్చినంక మా బాపుకు నా మాట ఎందుకు ఇనపడ్తలేదు?' అని అడిగింది. ఆ పిల్లకు చెవి బొమ్మ గీసి జవాబు రాసి, వాళ్ల నాన్నకు చెవుల్లో పెట్టుకునే బిరడాలు కొని కవరులో పెట్టి పంపారు. అది చూసి లలిత గారికి మనసు నిండిపోయింది. క్యాలెండరు చూస్తే మాత్రం ప్రాణం విలవిల్లాడింది.

నెలాఖరు ముంచుకొస్తుంటే ఆవిడ ఒక పాపానికి సిద్ధపడ్డారు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ట్రే అడుగు నుంచి ఢిల్లీ కవరు లాగి, పైన పెట్టబోయారు. పెట్టబోతూ ఆగిపోయారు. కవరు మీద ఎర్రగా ఒక వేలిముద్ర ఉంది. ఆవిడదే. ఆవకాయ కలుపుతుండగా పోస్ట్‌మ్యాన్ వస్తే అదే చేత్తో అందుకున్నారు. మరి నవత వచ్చిన రోజున ఆ ఆవకాయే డబ్బాలో పెట్టి ఇచ్చారు కదా. అంటే ఢిల్లీ కవరు ముందొచ్చింది. పిల్లల ఉత్తరాలు తర్వాత వచ్చాయి. ట్రేలో మాత్రం పిల్లలందరూ పైన, ఢిల్లీ అడుగున.

అనుమానం వచ్చి పాత ఫైలు ఒకటి తెరిచారు. ఇంగ్లండు ప్రొఫెసరు కవరు మీద పోస్టు ముద్ర మార్చి నెలది, వాచ్‌మన్ కూతురి కార్డు మీద ఏప్రిల్‌ది. ఎర్ర పెన్సిలు నంబరు చూస్తే కూతురే ముందు. ఇంకో ఫైలూ అంతే. వరస వరస అని ఇంత కాలం లోకాన్నంతా కూర్చోబెట్టిన మనిషి వరసలో నిలువునా మోసం చేస్తున్నాడు. ఆ నియమం పెద్దవాళ్లను ఆపడానికి పెట్టుకున్న గొళ్లెం మాత్రమే. చిన్నవాళ్లకు తలుపు ఎప్పుడూ తీసే ఉంది. లలిత గారు ఫైలు మూసి ఎక్కడిదక్కడ పెట్టారు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. నెత్తిన ఒక మొట్టికాయ వేయాలని కూడా అనిపించింది.

రెండూ చెయ్యలేదు. కవరు అడుగునే పెట్టేసి, ఒక రూళ్ల కాగితం తీసుకుని ఎడమ చేత్తో వంకర టింకరగా రాశారు: 'తాతయ్యా, తాపీ నది ఏ రంగులో ఉంటుంది? మీ కిటికీలోంచి చూసి చెప్పండి. ఇట్లు, లల్లి.' చిరునామా లేకపోతే జవాబు రాదు కాబట్టి చాలాసేపు ఆలోచించి, కేరాఫ్ లలిత గారు అని సొంత ఇంటి చిరునామానే రాసి, వెళ్లి పోస్టు డబ్బాలో వేశారు.

ఉత్తరం వచ్చిన పూటే గదిలోంచి దబదబా చప్పుళ్లు మొదలయ్యాయి. ఫైళ్లు ఒక్కొక్కటే హాల్లోకి వచ్చాయి, సోఫా మీదికెక్కాయి, భోజనాల బల్లను ఆక్రమించాయి. తర్వాత ఆయన గది తలుపు మూసి, జేబులో ఒక కవరు పెట్టుకుని పోస్టు డబ్బాకు బయల్దేరారు.

"ఏమిటండీ ఈ సంత?" అన్నారు లలిత గారు, ఏమీ ఎరగనట్టు.

"ఒక పాప ఏదో అడిగింది. జవాబు పోస్టులో వెళుతుంది," అన్నారాయన, అంతకన్నా ఏమీ ఎరగనట్టు.

ఆ తలుపు తియ్యడానికి ఆవిడకు లేదు. తీస్తే లల్లి ఎవరో ఒప్పుకున్నట్టే. హాల్లో ఫైళ్ల మధ్య దారి చేసుకుని తిరుగుతూ, పోస్ట్‌మ్యాన్ కోసం బాల్కనీలో కాపలా కాశారు. మూడో రోజు అతను వచ్చేసరికి వరప్రసాద్ గారు గుమ్మంలో అతనికి ఢిల్లీకి రాసిన జవాబు అందించారు. అంగీకారమే, కాకపోతే ఒక షరతు ఉంది. తీసుకెళితే బనియన్ల కొట్టుతో, డిండోలి పిల్లలతో సహా అన్నీ తీసుకెళ్లాలి. గడువుకు ఇంకా రెండు రోజులున్నాయి. స్పీడ్ పోస్టులో వెయ్యమని చెప్పి ఆయన గదిలోకి వెళ్లిపోయారు.

లలిత గారు తనకొచ్చిన కవరు చింపారు.

'చిరంజీవి లల్లికి, నీ లేఖ అందినది. నది ఈ రోజు వాన నీళ్లు కలిసి బెల్లం పాకం రంగులో ఉంది. అయితే ఒక్కరు చూసి చెప్పింది శాస్త్రంలో చెల్లదు. రెండో మనిషి కూడా చూసి ఒప్పుకోవాలి. రెండు కుర్చీలు వేశాను. టీ పట్టుకుని రా.'