మార్కండేయునికి మూడు ప్రాణాలు

మొన్న మా ఊరి అశోక్ చౌక్‌లో షేర్ రిక్షా కోసం నిలబడ్డప్పుడు, పక్కనున్న పిల్ల చేతి ఫోన్‌లోంచి చిన్న గంట మోగింది. మా గుడి గంట. ఒక తెల్లవారుజామున నేనే రికార్డు చేసి, నేను తయారుచేసిన ఫోన్ ఆటలో పెట్టిన గంట. అంత రద్దీలోనూ గుర్తుపట్టాను. ఆ మోత వింటే నాకు ముందు నర్సయ్య తాత గుర్తొస్తాడు, వెనకే సిగ్గు వస్తుంది.

నర్సయ్య తాతకు భవాని పేట్‌లో పవర్‌లూమ్ కార్ఖానా ఉండేది. సోమవారం సాయంత్రాలు మా భజన మందిరంలో పురాణం చెప్పేవాడు. నాకు అక్షరాలు బడిలో వచ్చాయి, భక్తి ఆయన దగ్గర వచ్చింది. కథ అయ్యాక పిల్లల్ని ఊరికే వదిలేవాడు కాదు. "కథల యాడన్న పోగు తెగిందా? అడుగుండ్రి" అనేవాడు. నేతగాళ్ళ పిల్లలం కదా, ఆ మాట మాకు విప్పి చెప్పనక్కర్లేదు. పడుగులో ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి ముడి వేయాలి, లేకపోతే ఆ గీత చద్దరు చివరిదాకా పోతుంది. ఒకసారి మార్కండేయుడి కథ అయ్యాక నేను, శివుడికి అన్నీ తెలుసు కదా, యముణ్ని ముందే ఎందుకు ఆపలేదని అడిగాను. వెనక నుంచి అమ్మ నా జడ లాగింది. "గుంజకు బిడ్డా, పిల్ల బరోబర్ అడిగింది. నాకిప్పుడు తెల్వది, మల్ల సోమారం చెప్త" అన్నాడు తాత. మరుసటి సోమవారం నన్ను వెతికి మరీ చెప్పాడు: "ముందే ఆపితే, ఆ పిల్లగాడు గట్టిగ పట్టుకునుడు ఎప్పుడు నేర్చుకుంటడే?"

పూణేలో వీడియో ఆటల కంపెనీలో చేరాక, మా కులదైవం మార్కండేయుడి కథతో ఒక చిన్న ఆట తయారుచేశాను. శ్రావణంలో రథం కదిలే ముందురోజు మందిరంలో తెర కట్టి అందరికీ చూపించాను. యముడు పాశం విసురుతుంటే తప్పించుకుంటూ మార్కండేయుడు లింగాన్ని చేరాలి. అన్ని ఆటల్లో ఉన్నట్టే మూడు ప్రాణాలు ఇచ్చాను. పాశం తగిలితే గంట మోగుతుంది, బాలుడు మళ్ళీ లేస్తాడు. ఆడడానికి ముందుకొచ్చిన ఒక చిన్నపిల్ల ఆ సంగతి కనిపెట్టి, కావాలనే పాశానికి ఎదురెళ్ళింది. మార్కండేయుడు పడ్డాడు, లేచాడు. మందిరమంతా నవ్వింది. స్వామి సన్నిధిలో, స్వామి భక్తుడు చస్తుంటే, నా వల్ల జనం నవ్వారు.

తాత నవ్వలేదు. "వీనికింక పానాలున్నయి గద బిడ్డా. లింగాన్ని ఎందుకు పట్టుకుంటడు?"

"అది స్వామి లీల తాతా" అన్నాను.

"లీల సామిది. కథల పోగు తెగిన ఈ సందు నీది. నీ సందుల సామిని కూసోవెట్టకు."

వెనక నుంచి ఎవరో "కంపెనీల గిదే నేర్పిన్రా ఏంది?" అన్నారు. తెర విప్పుతుంటే ముడి నా వేళ్ళకు చిక్కలేదు.

తరవాత ఒక్క ప్రాణమే ఉంచి ఆటను మళ్ళీ చేశాను. లింగాన్ని చేరాక ఆడేవాళ్ళు తెర మీద బొటనవేలు నొక్కి పట్టుకోవాలి, వదిలితే పాశం బిగుస్తుంది. కార్ఖానా గుమ్మంలో కూర్చుని తాత ఆడాడు. శివుడు వెలిశాడు, తెరంతా వెలుగు నిండింది. ఆయన బొటనవేలు మాత్రం తెర మీంచి లేవలేదు.

"అయిపోయింది తాతా, ఇడువు."

"యముడు పోయిండని యాడ చూపిచ్చినవ్? చూపియ్యకుంటె నేనెట్ల ఇడుస్త?"

చూపించలేదు. ఇప్పుడా ఆటలో యముడు వెనుదిరుగుతాడు, దున్నపోతు గిట్టల చప్పుడు దూరమవుతుంది. అది పూర్తయ్యేలోపే తాత పోయాడు. వేలు తీయొచ్చని ఆయనకు చెప్పలేకపోయాను. కంపెనీలో ఎవరైనా "ఇంత చిన్నది ఎవరు చూస్తారు" అన్నప్పుడల్లా ఆ బొటనవేలు కళ్ళముందుకు వస్తుంది.

చౌక్‌లో ఆ పిల్ల ఆడుతున్నది, ఆ రోజు మందిరంలో జనం తమ ఫోన్లలోకి ఎక్కించుకున్న పాతదే. మార్కండేయుడు మళ్ళీ పడ్డాడు, ఆమె నవ్వింది. "పానాలింక ఉన్నయి గద, లింగాన్ని ఎందుకు పట్టుకుంటడే?" అని అడిగాను.

పిల్ల ఆట ఆపి తలెత్తింది. "అవునక్కా. ఎవరు చేసిన్రో గని, సోంచాయించలే, ఆలోచన లేకుంటనే చేసిన్రు."

రిక్షా వచ్చి ఆగింది. "నేనే చేసిన" అన్నాను. ఎక్కకుండా ఆమె పక్కనే నిలబడి, నా ఫోన్ తీసి కొత్తది ఎలా ఆడాలో, ఎప్పటిదాకా వేలు వదలకూడదో చూపించాను.